ఆరు గంటలకు సగం: టెక్నీషియం-99ఎం కథ

ఈ ఎపిసోడ్‌లో స్టాక్ పెట్టుకోవడం కుదరని ఒక మందు గురించి చెప్తాను. దాని పేరు టెక్నీషియం-99ఎం. మీ ఇంట్లో ఎవరికైనా గామా కెమెరా కింద బోన్ స్కాన్ తీశారా? అయితే సూదితో ఎక్కించింది చాలావరకు ఇదే అయి ఉంటుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. పీరియాడిక్ టేబుల్‌లో 43వ గడి చాలా ఏళ్లు ఖాళీగా ఉండేది. అమెరికాలోని బర్కిలీలో సైక్లోట్రాన్ యంత్రంలో వాడిన మాలిబ్డినం రేకు ఒకటి ఇటలీలోని పలెర్మోకి పోస్టులో వచ్చింది. 1937లో ఎమీలియో సెగ్రే, కార్లో పెరియర్ అందులోనే ఈ కొత్త మూలకాన్ని పట్టుకున్నారు. 'కృత్రిమం' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది.

మరి చివర ఉన్న 'ఎం' ఏంటి? మెటాస్టేబుల్ అని. అంటే కేంద్రకంలో కాస్త ఎక్స్‌ట్రా శక్తి ఇరుక్కుని ఉంటుంది. దాన్ని గామా కిరణంగా వదిలేసి, మామూలు టెక్నీషియం-99గా మారిపోతుంది. ఆ కిరణం శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఒంట్లోంచి బయటికి రావడానికి అది చాలు, కెమెరాకి చిక్కడానికీ అనువుగా ఉంటుంది. బీటా కణాలు దాదాపు రావు కాబట్టి ఒంటికి హాని తక్కువ.

ఇప్పుడు అసలు లెక్క. దీని అర్ధాయువు 6 గంటలు. పొద్దున 8కి 100 శాతం ఉంటే మధ్యాహ్నం 2కి 50, రాత్రి 8కి 25, అర్ధరాత్రి దాటి 2కి 12.5. మర్నాడు పొద్దున 8కి మిగిలేది 6.25 శాతమే. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినట్టు ఒకేసారి సున్నా అవ్వదు, మిగిలినదాంట్లో సగం సగం పోతూ ఉంటుంది.

మీకో డౌట్ రావాలి. మిగిలిన టెక్నీషియం-99 అర్ధాయువు దాదాపు 2 లక్షల 11 వేల ఏళ్లు కదా, ప్రమాదం కాదా? నిజానికి ఉల్టా. అంత నెమ్మదిగా క్షయమయ్యేది సెకనుకి విడుదల చేసే రేడియేషన్ చాలా చాలా తక్కువ. పైగా ఎక్కించే పరిమాణమే అతి సూక్ష్మం.

సరే, ఇంత త్వరగా పోయేదాన్ని ఆసుపత్రికి ఎలా తెస్తారు? దీన్ని తేరు, దీని తల్లిని తెస్తారు. తల్లి మాలిబ్డినం-99, అర్ధాయువు 66 గంటలు. ఒక చిన్న గొట్టంలో అల్యూమినాకి అంటుకుని ఉంటుంది. ఉప్పునీరు పోస్తే పుట్టిన టెక్నీషియం మాత్రమే కిందికి దిగుతుంది, తల్లి అక్కడే ఉండిపోతుంది. మళ్లీ రేపు పోయొచ్చు. రోజూ పాలు పితికినట్టే ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులో దీన్ని ముద్దుగా ఆవు అంటారు.

కానీ ఆ ఆవు కూడా ఒకటి రెండు వారాల్లో వట్టిపోతుంది. కొత్తది రావాలంటే ఎక్కడో రియాక్టర్ నడుస్తూ ఉండాలి. 2009 మేలో కెనడాలోని చాక్ రివర్‌లో ఉన్న 1957 నాటి రియాక్టర్ భారజలం లీకై ఆగిపోయింది. మళ్లీ మొదలైంది 2010 ఆగస్టులో. ఆ మధ్యలోనే నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ రియాక్టర్ కూడా రిపేరుకి ఆగింది. చాలా దేశాల్లో స్కాన్‌లు వాయిదా పడ్డాయి. ముందే కొని దాచుకుందామన్నా కుదరదుగా!

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఇది మన ఒంట్లో సురక్షితంగా ఉండటానికీ, కొరత రావడానికీ కారణం ఒక్కటే: త్వరగా క్షయమవ్వడం. అందుకే మీవాళ్లకి స్కాన్ టైం ఇస్తే ఆ టైంకే తీసుకెళ్లండి. వాళ్ల డోసు ఆ గంటకి లెక్కేసి కలిపింది. మీరు ట్రాఫిక్‌లో ఉన్నారని అది ఆగదు.