కొండ ఎక్కడమూ, తిరిగి రావడమూ
(మన సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన బరంపురం వారికి కొండ అంటే మహేంద్రగిరి. శివరాత్రికి ఆ కొండ ఎక్కి, భీముని గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి చూసి, మోకాళ్లు పట్టుకుని తిరిగి వచ్చినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. మేమూ ఆ కోవలోని వారమే. దాని ఎత్తు సుమారు 1500 మీటర్లు. అటువంటి కొండలు ఆరింటిని ఒకదాని మీద ఒకటి పేర్చితే ఎవరెస్టు అవుతుంది. ఈవేళ మేము మాట్లాడదలచినది ఆ ఎత్తు గురించి.

ఉగాదినాడు ఈ ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. మన సభ్యుల ఇంటి కుర్రవాడొకడు చదువు పూర్తిచేసి, డార్జిలింగులోని పర్వతారోహణ శిక్షణాలయానికి వెళ్తానని పట్టుపట్టాడు. తండ్రి మౌనం వహించాడు. తల్లి మా ఇంటికి వచ్చి, "అన్నయ్యగారూ, మీరైనా వాడికి బుద్ధి చెప్పండి. అక్కడ ధాన్యం పండుతుందా, డబ్బు రాలుతుందా? ఎక్కి ఏం చేస్తాడు?" అన్నది. ఆనాడు మాకు జవాబు తోచలేదు. నాలుగు పుస్తకాలు తిరగవేసి, ఆలోచించి, ఆ జవాబును నలుగురిలోనూ చెప్పడానికి నిలబడ్డాము. ఆ చెల్లెమ్మ ఈ సభలోనే ఉన్నది.

మొదట ఆమె భయం గురించి చెప్పాలి. ఆ భయం అజ్ఞానం కాదు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు భూమి మీద 14 ఉన్నాయి. ఎవరెస్టు కొన మీద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడో వంతు మాత్రమే. పీల్చిన గాలి ప్రాణానికి చాలదు. ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. మెదడు వాచినవాడికి తాను తప్పు చేస్తున్నట్టే తెలియదు. అందులోనే ఉన్నది అసలు ప్రమాదం. దీనికి ముఖ్యమైన మందు ఒక్కటే, వెంటనే కిందికి దిగడం. 1950లో అన్నపూర్ణ శిఖరం ఎక్కిన ఫ్రెంచి వీరుడు హెర్జోగ్ గెలిచి వచ్చాడు గాని, చలికి చేతివేళ్లు, కాలివేళ్లు పోగొట్టుకున్నాడు. 1996 మే 10న ఎవరెస్టు మీద తుపాను లేచి 8 మంది మరణించారు. వెనుదిరగవలసిన వేళ దాటినా పైకే సాగినవారు వారిలో ఉన్నారు.

ఇంకొక మాట దాచకూడదు. శిఖరం ఎక్కినవాడి పేరు పత్రికలో పడుతుంది. అతని మూట మోసినవాడి పేరు పడదు. 1922లో ఎవరెస్టు మీద మంచు విరిగిపడి ఏడుగురు కూలీలు పోయారు. 2014 ఏప్రిల్ 18న ఖుంబు మంచుపాతం దగ్గర 16 మంది నేపాలీలు పోయారు. వారు ఎక్కింది ఇతరుల కోరిక కోసం, తమ ఇంటి పొయ్యి కోసం. ఈ లెక్క వేయకుండా పర్వతారోహణాన్ని పొగడడం న్యాయం కాదు.

మన తెలుగువారి లెక్కా చెప్పాలి. నెల్లూరు జిల్లాలోని పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల మహోన్నత శిఖరాలను 172 రోజులలో ఎక్కాడు. అదే మస్తాన్‌బాబు 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో దేహం దొరికింది. సొంత ఊరికి తెచ్చి అంత్యక్రియలు చేశారు. అంతటి నిపుణునికే తప్పలేదు.

అయితే ఈ పని మానవలసినదేనా? కాదనే మేము అంటాము. టెన్సింగ్ నార్గే చరిత్ర చూడండి. మూటలు మోసే కూలీగా మొదలుపెట్టిన మనిషి. 1952లో స్విస్ వారితో కలిసి ఎవరెస్టు కొనకు సుమారు 250 మీటర్ల దిగువ దాకా వెళ్లాడు. ఇంకొంచెమే గదా అనుకోలేదు, వెనుదిరిగాడు. ఆ వెనుదిరిగినవాడే 1953 మే 29న హిల్లరీతో కలిసి శిఖరం మీద నిలిచాడు. ఆనాడు మొండికి పోయి ఉంటే ఈనాడు ఆ పేరు మనకు తెలిసేదే కాదేమో.

2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండడానికి ఇంకా కొన్ని దినాలుండగా, నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఆమెతోనే ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల బిడ్డలు. పూర్ణ తల్లిదండ్రులు కూలి పనివారు. ఆ పిల్ల మొదట భువనగిరి కొండ మీద తాడు పట్టుకోవడం నేర్చింది. తరువాత డార్జిలింగులోనూ, లడఖ్ చలిలోనూ శిక్షణ పొందింది. పేదింటి బిడ్డకు ఇది చేతకాదని ఇకమీదట ఎవరైనా అనగలరా? చెల్లెమ్మా, అక్కడ ధాన్యం పండదు, నిజమే. కాని ఇటువంటి మాటల నోళ్లు మూతపడతాయి. అదీ ఒక పంటే.

తాడుకు కట్టుకున్నవారిలో ఒకడు జారితే మిగిలినవారు ఆపాలి. అక్కడ కులమూ భాషా అడగరు. ఉన్న ఊరు విడిచి, పరభాషల నడుమ ఒకరినొకరు పట్టుకుని నిలిచిన మనబోటివారికి ఆ తాడు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కనుక మా జవాబు ఇది. కుర్రవాడిని వెళ్లనివ్వండి. ముందు నేర్చుకోవడానికి వెళ్లనివ్వండి, ఎక్కడానికి కాదు. శిక్షణ ఖర్చులో కొంత సంఘం భరించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. నాయనా, నీకూ ఒక షరతు. మూట మోసేవాని పేరు తెలుసుకో, అతని ప్రాణం నీ ప్రాణంతో సమానమని ఎరుగు. దిగిపొమ్మని గురువు చెప్పిననాడు, శిఖరం చేతికందే దూరంలో ఉన్నా, దిగిపో. కొండ ఎక్కడికీ పోదు. నువ్వు తిరిగి వచ్చి, మీ అమ్మ చేతి ఉగాది పచ్చడి తిన్ననాడే నీ ప్రయాణం పూర్తయినట్టు.