రాత్రివేళ పక్క దిగి నడచిపోవు పసిబిడ్డ

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాటాడదలచినది రాత్రి నిద్ర లేచి, ఎవరికిని తెలియకుండ పక్క దిగి నడచిపోవు రెండు మూడేండ్ల బిడ్డను గూర్చి. "ఇది తల్లులకు చెప్పవలసిన మాట, పంచాయతీకి ఇందు పని యేమి?" అని మీరు అడుగవచ్చును. మా యింట జరిగిన యొక సంగతి చెప్పిన ఆ పని యేమో తెలియగలదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము విశాఖపట్టణమున గాజువాక దరి నొక కాలనీలో ఉంటిమి. మా అబ్బాయికి ఉక్కు కర్మాగారములో ఉద్యోగము. ఆ వారము అతనికి సి షిఫ్టు. వేసవి రాత్రి, కరెంటు పోయినది. గాలి కొరకు వీధి తలుపు తీసియుంచి, నేనును మా కోడలును గుమ్మము చెంతనే పడుకొంటిమి. రెండేండ్ల నాలుగు నెలల మనుమడు మమ్ము దాటుకొని వెళ్ళిపోయినాడు. పొరుగున కట్టుచున్న యింటికి నీటికై త్రవ్విన సంపు ఉన్నది. దానికి మూత లేదు. బి షిఫ్టు ముగించుకొని వచ్చుచున్న యొక కార్మికునకు మోటారు సైకిలు దీపపు వెలుగులో సంపు గట్టున కూర్చున్న బిడ్డ కనబడినాడు. ఆయన ఎత్తుకొని తెచ్చి మమ్ము లేపువరకు మాకు తెలియదు.

ఆ తరువాత మా కోడలు అనేక దినములు కంటినిండ నిద్రపోలేదు. "తల్లికి అంత మొద్దునిద్రయా?" అని ఇరుగుపొరుగువారు అనిరి. సంపుకు మూత యేల లేదని అడిగినవారు ఒక్కరును లేరు. నేనును అడుగలేదు. ఆనాడు అడుగని ఆ ప్రశ్నయే నేడు మీ ముందుంచుచున్నాను.

మొదట ఇంటి సంగతి చూతము. ఏడాదిన్నర మొదలు మూడేండ్ల వరకు గల బిడ్డ రాత్రి లేచుట వింత కాదు. ఊయల వదలినాడు, కాళ్ళు వచ్చినవి, చిన్న గడియ తీయ నేర్చినాడు. భయము మాత్రము ఇంకను తెలియదు. దాహమో, మూత్రమో, చీకటి భయమో, తల్లి ప్రక్కన లేదన్న దిగులో వానిని లేపును. ఆనందపురము, పద్మనాభము, పెందుర్తి మండలముల గ్రామముల నుండి ఓడరేవునకును, కర్మాగారములకును షిఫ్టులకు పోవు వారు గలరు. తండ్రి రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరి ముద్దుగా బిడ్డను లేపి ఆడించిన, మరునాడు తండ్రి రాకున్నను ఆ వేళకు బిడ్డ తానే లేచి వెదకును.

ఒకటి రెండేండ్ల బిడ్డకు పగటి కునుకుతో కలిపి దినమునకు 11 నుండి 14 గంటలు, మూడు నాలుగేండ్ల వారికి 10 నుండి 13 గంటలు నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది. కావున బిడ్డను నిత్యము ఒకే వేళకు పండుకొనబెట్టవలెను. పగటి నిద్ర సాయంకాలము వరకు సాగనీయరాదు. పడుకొనుటకు ఒక గంట ముందుగా టీవీ, సెల్‌ఫోను కట్టిపెట్టవలెను. మూత్రము పోయించి, మంచినీరు త్రాగించి, చిన్న దీపముంచి జోకొట్టవలెను.

అయినను లేచి వచ్చెనా, కోపింపక, కబుర్లు చెప్పక, మౌనముగా చేయి పట్టుకొని మరల పక్కకు చేర్పవలెను. పదిసార్లు లేచిన పదిసార్లును ఇట్లే చేయవలెను. తల్లి పక్కకు చేర్పగా, నావంటి నాయనమ్మ జాలిపడి బెల్లపుముక్క చేతిలో పెట్టిన, లేచినవానికి బహుమానము దొరకునని బిడ్డ గ్రహించును. ఇంటిల్లిపాది ఒకే తీరున నడచిన ఈ అలవాటు క్రమముగా తగ్గును. నిద్రపట్టుటకై నల్లమందు గాని, దగ్గు మందు గాని పోయుట ప్రాణాపాయము.

ఇక తలుపు మాట. గడియ బిడ్డ చేతికి అందనంత ఎత్తున ఉండవలెను. పెద్దలకు మాత్రము చీకటిలో సైతము వెంటనే తీయ వీలుండవలెను. బిడ్డను గదిలో పెట్టి బయట తాళము వేయరాదు. నిప్పంటుకొన్నను, గ్యాసు కారినను బయటపడు దారి ఉండదు. మన పెద్దలు బిడ్డ కాలికి మువ్వలు కట్టిరి. నిద్రవేళ అవి ఊడి నోటబడవచ్చును గనుక కాలికి వద్దు. ఆ మువ్వలనే తలుపు పైభాగమున కట్టుడు. గాలికై కిటికీలు తెరచుకొనుడు. వీధి తలుపు మాత్రము మూసియుంచుడు.

కొన్ని సమయములందు వైద్యుని చూపింపవలెను. నులిపురుగులున్న బిడ్డకు రాత్రివేళ ఆసనమున దురద కలిగి నిద్ర చెడును. పెద్దగా గురకపెట్టుచు, ఊపిరికి తడుముకొనుచు లేచు బిడ్డను ఆలస్యము చేయక చూపింపవలెను. కన్నులు తెరచియుండియు నిద్రలోనే నడచు బిడ్డను కుదిపి లేపరాదు. మెల్లగా త్రిప్పి పక్కకు తేవలెను. దయ్యమని, గాలి సోకినదని అనుకొనవద్దు.

సభ్యులారా! ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఏదో యొక రాత్రి ఏదో యొక తలుపు తెరచియుండును. పగలెల్ల పనిచేసిన తల్లి నిద్రపోవుట నేరము కాదు. ఆ రాత్రి బిడ్డ గుమ్మము దాటినచో వానికి ఎదురుపడునది మీ వీధి. అక్కడ పంచాయతీ పని మొదలగును.

ప్రపంచమున ఒకటి నుండి నాలుగేండ్ల పిల్లల మరణములకు గల కారణములలో నీట మునుగుట నాలుగవదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించినది. రెండేండ్ల బిడ్డకు జానెడు నీరు చాలును. బిడ్డ కేక వేయకయే మునుగును. ఈ ప్రమాదములు రాత్రికంటె పగటివేళ, తల్లి పనిలో ఉన్నప్పుడు జరుగుట హెచ్చు. కావున రాత్రి బిడ్డకై వేసిన మూత పగటి బిడ్డను సైతము కాపాడును.

వీధిదీపముల ఏర్పాటును, వాడుకలో లేని బావులను, గుంతలను పూడ్పించుటయు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము మీ విధులలో చేర్చినది. పాడుపడిన బోరుబావులను నేలమట్టము వరకు పూడ్చవలెననియు, బోరు గొట్టములకు గట్టి మూత బిగింపవలెననియు సుప్రీంకోర్టు 2010లో ఆదేశించి, గ్రామములలో ఆ పర్యవేక్షణను సర్పంచుకును, వ్యవసాయశాఖ ఉద్యోగికిని అప్పగించినది.

మీరు మీ ఊరు చేరిన పిమ్మట ఒక సాయంకాలము వార్డు సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త కలిసి వీధులన్నియు నడువుడు. రెండేండ్ల బిడ్డ గల యిండ్లను గుర్తించి, ప్రతి గుమ్మము నుండి నూరడుగుల లోపల ఏమున్నదో వ్రాసికొనుడు: పిట్టగోడ లేని బావి, పలక పగిలిన మరుగుదొడ్డి గుంత, మూత లేని సంపు, నీరు నిలిచిన కంకర గోయి, చెరువు రేవు. కొన్నింటికి ఇనుప జాలి చాలును. కొన్నింటికి రాతిపలక, మరి కొన్నింటికి ముళ్ళకంచె. ఇల్లు కట్టువారిచే సంపుకు మొదటి దినముననే మూత వేయింపుడు. ఆ జాబితాను గ్రామసభలో చదివి, ఏది ఎవరు ఏ తేదీలోగా చేయుదురో తీర్మానములో వ్రాయింపుడు.

ఎవరైన బిడ్డ నీట పడినచో తలక్రిందుగా పట్టి త్రిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు. ఊపిరి లేకున్న వెంటనే నోటితో ఊపిరి అందించుచు, ఛాతీ నొక్కుచు, మరొకరిచే 108కు ఫోను చేయింపవలెను. ఈ విధానమును ఆరోగ్య కేంద్రమువారిచే ఊరిలో పదిమందికైన నేర్పింపుడు.

మా మనుమడు నేడు బడికి పోవుచున్నాడు. ఆ రాత్రి అతనిని కాపాడినది మా జాగ్రత్త కాదు. ఒక కార్మికుడు ఆ దారిన వచ్చుట. మీ ఊరి బిడ్డకు అట్టి అదృష్టముతో అవసరము లేకుండ చేయుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.