ఒడ్డుకు చేరడమూ పందెమే

(మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగం)



మాస్టారు అనగానే నాకు ఒక ఉదయం గుర్తొస్తుంది. అప్పటికి మేం పద్దెనిమిదేళ్ళ క్యాడెట్లం. కాకినాడలో వేలర్ పందెం. పెద్దలకు తెలియకపోవచ్చు, వేలరంటే ఇరవై ఏడడుగుల పడవ. ఐదు తెడ్లు, చుక్కాని దగ్గర కాక్సన్. ఆ రోజు కాక్సన్ని నేనే. వెనకవాళ్ళు ఇంకా సగం దూరంలో ఉండగానే గీత దాటేశాం. ఆ ఊపులో "వే ఎనఫ్" అని తెడ్లు ఆపించడం ఆలస్యం చేశాను. పడవ వెళ్ళి జెట్టీని గుద్దింది. ముందు పలక జానెడు మేర చీలింది. మాస్టారు జెట్టీ మీదే ఉన్నారు. చప్పట్లు కొడుతున్నవాళ్ళను తప్పించుకుని వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చీలికను వేలితో తడిమి, "పందెం ఇక్కడిదాకా ఉందిరా" అన్నారు. ఇంకో మాట అనలేదు. మర్నాటి నుంచి తాళ్ళరేవు వడ్రంగి పక్కన నన్ను కూర్చోబెట్టారు. పాత మేకులు ఊడదీయడం, కొత్త పలకను వేడి చేసి వంచుతుంటే రెండో కొస పట్టుకోవడం, సందుల్లో దూది పురి కుక్కడం, అన్నీ నా చేతే చేయించారు.

ఆ మాటనే నియమంగా పెట్టుకున్న పోటీ ఒకటి ప్రపంచంలో ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాని పేరు అట్లాంటిక్ ఛాలెంజ్. ఈ రోజు దాని కథే చెబుతాను. అది ఓ యుద్ధంలోంచి పుట్టింది.

1796 డిసెంబరు. ఇంగ్లండుపై తిరగబడాలనుకున్న ఐరిష్ దేశభక్తులకు సాయంగా ఫ్రాన్సు ఓ పెద్ద నౌకాదళాన్ని పంపింది. బ్రెస్ట్ రేవు నుంచి నలభైకి పైగా ఓడలు బయల్దేరాయి. వాటిలో దాదాపు 14,000 మంది సైనికులు. సేనాపతి హోష్. యునైటెడ్ ఐరిష్‌మెన్ నాయకుడు వుల్ఫ్ టోన్ కూడా ఫ్రెంచి యూనిఫారం వేసుకుని ఓ ఓడలో ఉన్నాడు. మొదటి నుంచీ గాలి వాళ్ళ పక్షాన లేదు. రేవు దాటుతూనే ఓ యుద్ధనౌక రాళ్ళకు కొట్టుకుని మునిగింది. హోష్ ఎక్కిన 'ఫ్రాతెర్నితే' దారితప్పి, అసలు గమ్యానికే చేరలేదు. మిగిలినవాటిలో కొన్ని ఐర్లాండు నైరుతి కొసన ఉన్న బాంట్రీ అఖాతంలోకి చేరాయి గానీ, తూర్పు గాలి ఎదురు కొట్టి, మంచు కురిసి, ఒక్క దళమూ ఒడ్డున దిగలేకపోయింది. తీరం కళ్ళెదుటే ఉంది. రోజుల తరబడి దాన్ని చూస్తూ లంగరేసుకుని కూర్చుని, చివరికి తాళ్ళు కోసేసుకుని వెనక్కి పోయారు. తుపానంటే ఏమిటో ఈ తీరానికి చెప్పక్కర్లేదు. 1839లో మన కోరంగి రేవు తుపానుకు తుడిచిపెట్టుకుపోవడం మన తాతల తాతలు చూశారు.

ఆ గందరగోళంలో 'రెజోల్యూ' అనే ఫ్రిగేటు తమ దళంలోదే మరో ఓడను ఢీకొని తెరచాప కొయ్యలు విరగ్గొట్టుకుంది. సాయం అడగడానికి ఓ పడవను దింపి పంపారు. అలలు ఆ పడవను బేర్ దీవి ఒడ్డుకు కొట్టేశాయి. అందులోవాళ్ళు పట్టుబడ్డారు. పడవ బాంట్రీ జమీందారు రిచర్డ్ వైట్ ఇంటికి చేరింది. ఫ్రెంచివాళ్ళ రాకను ఎదుర్కోవడానికి మనుషుల్ని కూడగట్టింది ఆయనే. ప్రభుత్వం ఆయనకు ప్రభు పదవి ఇచ్చింది. పడవ మాత్రం దాదాపు నూటయాభై ఏళ్ళు ఆ కుటుంబం దగ్గరే ఉండిపోయింది. 1944లో వాళ్ళు దాన్ని ఐర్లాండు జాతీయ మ్యూజియంకు ఇచ్చారు.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా డబ్లిన్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు కాలిన్స్ బ్యారక్స్ మ్యూజియంలో ఆ పడవ ముందు నిలబడ్డాను. ముప్ఫై ఎనిమిది అడుగుల పొడవు, మనిషి చేతులు చాపితే కాస్త అటూ ఇటూగా వెడల్పు. పది తెడ్లు, మూడు తెరచాపలు. అంత సన్నని పడవ డిసెంబరు అట్లాంటిక్‌లో సాయానికి బయల్దేరిందంటే, లోపల కూర్చున్న కుర్రాళ్ళ వయసెంతో అనుకున్నాను. మా అమ్మాయి "నాన్నా, పద" అని రెండుసార్లు పిలిచింది. నేను కదల్లేదు.

ఇక్కడి నుంచి కథ ఇద్దరు మనుషులది. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన లాన్స్ లీ 1972లో బాత్ పట్టణంలో 'అప్రెంటిస్‌షాప్' అనే పడవల బడి పెట్టాడు. చెక్క పడవల పనితనం చేతుల్లోంచి జారిపోతోంది, కుర్రాళ్ళ చేత కట్టిస్తే తప్ప నిలవదని ఆయన నమ్మకం. రెండో ఆయన బెర్నార్ కాదొరె, 1981లో బ్రిటనీ తీరాన 'లె షాస్-మారే' అనే సముద్ర పత్రిక మొదలుపెట్టినవాడు. ఈ ఇద్దరి ఆలోచన ఒక్కటే. బాంట్రీ పడవకు నకళ్ళు దేశదేశాల్లో కుర్రాళ్ళే కట్టాలి. కట్టినవాళ్ళ తోటివాళ్ళే నడపాలి. రెండేళ్ళకోసారి కలిసి పోటీ పడాలి.

మొదటి పోటీ 1986లో న్యూయార్క్ రేవులో జరిగింది. స్వేచ్ఛా ప్రతిమకు నూరేళ్ళు నిండిన సందర్భం. ఫ్రాన్సు, అమెరికా జట్లు దిగాయి. తొలి పడవలకు ఫ్రెంచి విప్లవ నినాదంలోని మాటలే పేర్లు. తర్వాత డెన్మార్క్, బ్రిటన్, రష్యా, కెనడా, ఫిన్లాండు వంటి దేశాలు పడవలు కట్టుకుని చేరాయి. బాంట్రీ పిల్లలు కూడా ఒకటి సమకూర్చుకున్నారు. పేరు 'యునితే', అంటే ఐకమత్యం. 2012లో పోటీ ఆ అఖాతంలోనే జరిగింది. యుద్ధానికి వచ్చినవాళ్ళు దిగలేకపోయిన ఒడ్డున ఎన్నో దేశాల పిల్లలు పడవలు లాగి, పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు. నన్నడిగితే, ఆ దండయాత్రలో ఒడ్డు చేరవలసిందేదో అప్పటికి చేరింది.

ఇక పోటీ సంగతి. ఒక్కో పడవలో పదముగ్గురు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే. వారం రోజుల పాటు తెడ్ల పందేలు, తెరచాపల పందేలు, దిక్సూచి పట్టుకుని దారి కనుక్కోవడం, నీళ్ళలో పడ్డవాణ్ణి వెతికి ఎత్తుకోవడం. ముడుల పోటీ ఒకటుంది. బౌలిన్, క్లోవ్ హిచ్, షీట్ బెండ్, క్యాడెట్లూ, మీరు నేర్చుకునేవే. జట్టులో ఒకరి తర్వాత ఒకరు కట్టాలి. ఒకరి చేయి తడబడితే పడవంతా ఆగుతుంది.

తెరచాప గురించి కాస్త ఆగి చెప్పాలి. ఈ పడవ పెద్ద చాపలు అడ్డకొయ్యకు వేలాడుతూ, నిలువు కొయ్యకు ఒక పక్కనే ఉంటాయి. పడవ దిశ మార్చి గాలిని రెండో పక్కకు తెచ్చుకున్న ప్రతిసారీ అడ్డకొయ్యను దించి, కొసను కొయ్య వెనకనుంచి అవతలికి దాటించి, మళ్ళీ ఎత్తాలి. ఈ లోపు పడవకు ఊపిరి ఉండదు. దించేవాడు, దాటించేవాడు, తాడు పట్టినవాడు, చుక్కాని మీదున్నవాడు ఒకే క్షణంలో కదలాలి. బలమైనవాడు ఒక్కడు తొందరపడితే చాప కొయ్యకు అతుక్కుపోతుంది. ఒంటరి మొనగాడికి ఈ పడవలో చోటు లేదు.

అన్నింటికన్నా నాకు నచ్చిన పోటీ 'కెప్టెన్స్ గిగ్'. జట్టు జెట్టీ దగ్గరికి రావాలి, అక్కడ నిలబడిన పెద్దమనిషిని ఎక్కించుకోవాలి, తీసుకువెళ్ళి దించాలి. చూడటానికి ఏముంది అనిపిస్తుంది. కానీ వేగంగా వచ్చిన పడవ తెడ్లన్నీ ఒక్కసారి నిలువునా లేచి, చుక్కాని చిన్నగా తిరిగి, జెట్టీకి చప్పుడు లేకుండా తగలాలి. ఎంత త్వరగా వచ్చారన్నదొక్కటే కాదు, ఎలా వచ్చారన్నదీ చూస్తారు. ఈ వివరం మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ జానెడు చీలిక కనిపించింది.

ఇంకో ఏర్పాటు ఉంది. దేశాల జట్లను కలిపేసి, ఒకే పడవలో నాలుగు భాషల పిల్లల్ని కూర్చోబెడతారు. నిన్న ఎదుటి పడవలో ఉన్నవాడి వీపు చూస్తూ ఈ రోజు తెడ్డు వేయాలి. మాట తెలియకపోయినా వాడి భుజం వంగినప్పుడు నీ భుజం వంగాలి.

మన నేవల్ ఎన్.సి.సి. నౌ సైనిక్ క్యాంపుల్లో బోట్ పుల్లింగ్, సెమాఫోర్, షిప్ మోడలింగ్ ఎప్పటినుంచో ఉన్నాయి. మీలో చాలామంది వాటికి వెళ్ళొచ్చారు. మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. ఒడ్డుకు చేరే తీరుకు కూడా మార్కులు పెట్టాలని మాస్టారు బతికున్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నారు.

అందుకని నిర్వాహకులను ఒకటి కోరాను, ఒప్పుకున్నారు. రేపు ఉదయం మాస్టారి పేరిట జరిగే వేలర్ పందెం గీత దాటడంతో ముగియదు. ప్రతి పడవా వెనక్కి తిరిగి జెట్టీకి రావాలి, ఒక మనిషిని ఎక్కించుకుని అవతలి మెట్ల దగ్గర దించాలి. ఆ మనిషిని నేనే. ఏడింటికల్లా జెట్టీ మీద నిలబడి ఉంటాను. మోకాళ్ళు సరిగా లేవు, కాక్సన్లు కాస్త చూసుకుని రండి.