నేల కోతవలన రైతునకు గల్గు నష్టపు లెక్క
(పట్టాదారులగు రైతుల సభలో చేయబడిన ఉపన్యాసము)



ఎద్దు చచ్చిన నష్టము ఆనాడే తెలియును. పంట పోయిన నష్టము ఆ సాలుననే తెలియును. చేనిలోని మన్ను కొట్టుకొనిపోయిన నష్టము మాత్రము ఇరువది యేండ్లకు గాని కంటికి కానరాదు. కావుననే శిస్తు, విత్తనము, కూలి, ఎరువు వీని ఖర్చును అణా పైసలతో వ్రాసికొను రైతు సైతము మన్నునకు ఒక పద్దు తెరచి యుండడు. ఆ పద్దు ఎట్లుండునో ఇచ్చట కొంత లెక్కించి చూపబడుచున్నది.

భారతదేశపు భూములనుండి సాలునకు హెక్టారు ఒక్కంటికి సగటున 16 టన్నులకు పైగా మన్ను కదలిపోవుచున్నదని 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అను శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. హెక్టారనగా ఇంచుమించు రెండున్నర యెకరములు. కావున ఎకరమునకు ఆరున్నర టన్నులు. వినుటకు ఇది పెద్ద మొత్తమే. కాని ఎకరము నేలపై పరచినచో దాని మందము మిల్లీమీటరునకు కొంచెము మించును, అంతియే. జొన్నగింజ మందము కూడ లేదు. ఒకసారి దున్నినచో ఆ లోటు మరుగుపడును. ఇరువది యేండ్లలో అది అంగుళమగును. ఆ అంగుళము మన్ను మరల తయారగుటకు వందల యేండ్లు పట్టును. కదలిన మన్నులో నూటికి 61 వంతులు వేరొకచోట దిగుననియు, 10 వంతులు జలాశయములలో చేరుననియు, 29 వంతులు సముద్రము పాలగుననియు ఆ అంచనాలోనే కలదు. పై చేనివాని సొమ్ము క్రింది చేనివానికి దక్కినదని సంతసింపరాదు. మెత్తని మన్ను దూరము పోవును. ఇసుకయు గులకరాళ్ళును దగ్గరనే నిలిచి క్రింది చేని మొలకను కప్పివేయుట తరచుగా జరుగును.

ఈ నష్టమును యూరియాతో కొలుచువారు కలరు. మెట్టభూముల మన్నులో నత్రజని నూటికి 0.05 వంతు ఉన్నదనుకొన్నచో, ఆరున్నర టన్నుల మన్నుతో పోవునది మూడు కిలోలకు పైమాట. అది ఏడు కిలోల యూరియాకు సరి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసల రాయితీ ధర చొప్పున అది నలువది రూపాయలకు కొంచెము పైన. “నలువది రూపాయలకై గట్టు వేయవలెనా?” యని రైతు ప్రశ్నించిన తప్పు పట్టనక్కరలేదు. ఆ లెక్కయే కొరవడినది. పోయిన ఎరువును అంగడిలో కొనవచ్చును; పోయిన లోతును కొనుటకు వీలులేదు.

లోతనగా నీరు. మంచి రేగడి మన్ను అంగుళమునకు నాలుగైదు మిల్లీమీటర్ల నీటిని పైరుకొరకు దాచియుంచును. ఎదిగిన జొన్నపైరు ఎండదినమున త్రాగు నీరును ఇంచుమించు అంతే. కాగా అంగుళము మన్ను పోయినచో, వానలు వెనుదీసినప్పుడు పైరు ఒక దినము ముందుగా వాడును. మూడడుగుల లోతుగల రేగడిలో ఇది పెద్దగా తెలియకపోవచ్చును. తొమ్మిదంగుళముల క్రింద మొరము తగులు చెల్కభూమిలో, అదియు రేగడియంత నీరు దాచలేని నేలలో, ప్రతి అంగుళమును ప్రాణముతో సమానము. తాతల నాడు పండిన చెల్క నేడు పండదేమని వానను నిందించువారు ముందు గడ్డపారతో అచ్చటి లోతు చూడవలెను.

పోయిన మన్ను ఎచ్చటికి పోయినదో చూడగోరువారు నిజాంసాగరమును చూడవచ్చును. పూర్వపు హైదరాబాదు సంస్థానమున, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూరు ఇంజనీరుగా నుండగా, మంజీరపై ఆ ఆనకట్ట 1931లో పూర్తియయ్యెను. అప్పుడది ఇంచుమించు 3,000 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టెడిది. తరువాత నీటిమట్టము పెంచబడినను నేడు 1,800 కోట్లకు మించి పట్టదు. ఆ లోటంతయు బీడు, బీదరు, మెదకు ప్రాంతపు చేలనుండి దిగిన ఒండ్రువలన కలిగినది. మీది రైతు మన్ను పోగొట్టుకొనెను. క్రింద నిజామాబాదు రైతు నీరు పోగొట్టుకొనెను. ఒకే నష్టము రెండుమార్లు వ్రాయవలసి వచ్చినది. భూములు చెడుటవలన 2014-15లో దేశమునకు గలిగిన నష్టము 3.17 లక్షల కోట్ల రూపాయలని, అనగా దేశపు స్థూలోత్పత్తిలో నూటికి 2.54 వంతులని, 2018లో టెరి సంస్థ వెలువరించిన నివేదికలో కలదు.

ఇంత తెలిసియు రైతు ఏల గట్టు వేయడు? అతడు సోమరియనుట అన్యాయము. కారణము వడ్డీలో నున్నది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చువానికి, అయిదేండ్లకు రాబోవు నూరు రూపాయల లాభము నేడు ముప్పది నాలుగు రూపాయలకే సమానము. గట్టు ఖర్చు ఈ వేసవిలో, ఫలము కొన్నేండ్లకు. అట్టి అప్పుతో ఒకేసారి చేలన్నిటికి గట్లు వేయించుట బుద్ధిమంతుని పని కాదు. పని తక్కువగా నుండు నెలలలో, ఇంటి ఎడ్లతోను ఇంటివారి కష్టముతోను, ఎక్కువ కోతపడు మూలనుండి ఏటేట కొంత చేసికొనుటయే తగినది.

రెండవ కారణము కౌలు. ఇది పట్టాదారులు ముఖ్యముగా వినవలసినది. ఒక్క సాలునకు మాత్రమే చేను దక్కునని యెరిగిన కౌలుదారు ఇరువది బండ్ల చెరువుమన్ను ఏల తోలును? తోలినచో మరుసటేడు కౌలు పెంచుదురని అతని భయము. ఆ భయము నిరాధారము కాదు. కౌలుదారు మన్ను తోలినను గట్టు వేసినను ఖర్చులో సగము కౌలులో తగ్గించుట, మూడేండ్లవరకు కౌలు పెంచకుండుట అను రెండు షరతులు కాగితముపై వ్రాసియిచ్చిన పట్టాదారు తన భూమినే కాపాడుకొనినవాడగును.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ క్షేత్రమున 1976 నుండి రెండు రేగడి చేలు ప్రక్కప్రక్కన సాగుచేయబడినవి. ఒకటి పాతపద్ధతి: వానకాలము బీడుంచి తరువాత పైరు వేయుట. రెండవది: స్వల్పమగు వాలుతో వెడల్పు బోదెలు, వాని నడుమ కాలువలు, జొన్నలో కంది, తగు ఎరువు. మొదటిదానిలో హెక్టారునకు సగటున 1.1 టన్ను, రెండవదానిలో 5.1 టన్నులు పండెను. మొదటిదానినుండి ఏటా ఆరు టన్నులకు పైగా మన్ను పోగా రెండవదానినుండి టన్నున్నర పోయెను. ఇందు ఎరువు పాలును విత్తనపు పాలును కలదు. మన్ను నిలుపుట యొక్కటే ఇంత పంట నీయదు. శంకరపల్లి దగ్గరి కొత్తపల్లిలో 1999 నుండి గ్రామస్థులు కలసి ఇట్టి పనులు చేసిరి. గట్లపై గ్లైరిసీడియా నాటి దాని ఆకును ఎరువుగా వేసిరి. ఒంటరి గట్టు పైచేని వరదకు తెగును గనుక వాగు పరీవాహమంతయు కూడి చేయుట మేలు.

చెరువుమన్ను విషయము. 2015లో తెలంగాణమున ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో పూడిక త్రవ్వు ఖర్చు ప్రభుత్వము భరించగా, చేనికి తోలుకొను ఖర్చు రైతులు పెట్టుకొనిరి. దూరము పెరిగినకొలది ఖర్చు పెరుగును గనుక దగ్గరి చెల్కలకు ముందు తోలవలెను. ఇదివరకే బంకగానున్న రేగడికి అది అక్కరలేదు. తోలుటకు ముందు చెరువు లోపల రెండు మూడు చోట్ల మన్ను తీసి పరీక్షకు పంపవలెను. చౌడు తేలినచో ఆ చోటి మన్ను విడువవలెను. వేసవిలో తోలి కుప్పలు పోసి, తొలకరికి ముందు పరచి, వాలునకు అడ్డముగా దున్నవలెను.