విప్పి మళ్లీ కుట్టవచ్చు

(ఆలయ వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మా పిల్లలకు ఆశీస్సులు.

నా వృత్తి వైద్యం. నిరుడు మన ఆలయంలో ప్రదర్శించిన నా క్విల్టులను చూసి మీలో పలువురు, "ఆంటీ, ఇది ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలు, చేజేతులా పాడుచేసిన గుడ్డలు, ఇవే నా గురువులు. మొదలుపెట్టేనాటికి నా వయస్సు 51 సంవత్సరాలు.

మా అమ్మ పరమపదించిన పిమ్మట ఆమె మంగళగిరి, వెంకటగిరి నూలుచీరలు ఒక పెట్టె నిండా నాతో వచ్చాయి. కట్టుకోవడానికి మనసు రాదు, ఎవరికైనా ఇవ్వడానికీ రాదు. మా అమ్మమ్మ పాత చీరలను పొరలుగా పరిచి బొంత కుట్టేది. ఆ జ్ఞాపకమే నా చేత కత్తెర పట్టించింది.

గాయాలకు కుట్లు వేసిన చేతికి బొంత ఒక లెక్కా అనుకున్నాను. ఆ అహంకారం వారం రోజుల్లో అణగింది. క్విల్టుకు మూడు పొరలు: పైన అతుకుల గుడ్డ, నడుమ దూది, అడుగున మరొక గుడ్డ. ముక్కలను కలిపేటప్పుడు అంచున పావు అంగుళం విడిచి కుట్టాలి. అతుకు అతుకుకూ అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చినా, పదహారు అతుకులకు ఒక అంగుళం తప్పిపోతుంది. నా మొదటి బొంత నాలుగు మూలలూ నాలుగు దారులు పట్టాయి. ఆస్పత్రిలో అందరిచేతా డాక్టరుగారూ అనిపించుకున్న నేను, ఇంట్లో నేలమీద కూర్చుని కుట్లు విప్పుకున్నాను. క్రమంగా చీరముక్కలపై రంగులు అద్దడం, అమ్మ వ్రాసిన ఉత్తరాల నకళ్లను గుడ్డపై ముద్రించి అతకడం అలవడింది.

శ్రీకాళహస్తి కలంకారీ పనివారు రామాయణాన్ని గుడ్డమీద చిత్రించినట్లే, జార్జియాలో 1837లో బానిసగా జన్మించిన హారియట్ పవర్స్ బైబిలు కథలను క్విల్టుగా కుట్టారు. కష్టకాలంలో, 1891లో, దానిని 5 డాలర్లకు అమ్ముకున్నారు. నేడది స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో ఉన్నది. కళకు పట్టా అక్కరలేదని నాకు బోధించినది ఆమె జీవితమే.

మా అమ్మాయి హైస్కూలులో చిత్రలేఖనం తీసుకుంటానన్నప్పుడు, కళాశాల ప్రవేశానికి పనికిరాదని నేను వద్దన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు, కుంచెలు సర్దేసింది. పన్నెండేళ్ల తరువాత నా బొంత చూసి, "అమ్మా, ఆ ఎరుపు పక్కన ఈ పసుపు నప్పదు" అన్నది. మార్చి చూశాను. ఆమె మాటే నిజం. అంత చూపున్న కంటికి ఇన్నాళ్లూ పని లేకుండా చేసినది నేనే. క్షమించమని అడిగాను, "ఇప్పుడెందుకులే అమ్మా" అని ఊరుకున్నది. కుట్లు విప్పి మళ్లీ కుట్టగలిగాను గాని, ఆ పన్నెండేళ్లను విప్పలేను.

అందుచేత మీకు నా విన్నపం ఒక్కటే. చదువు మానవద్దు, ఉద్యోగం మానవద్దు. చేతికి నచ్చిన పనినీ మానవద్దు. యాభై ఏళ్లు వచ్చేదాకా ఆగవద్దు, వచ్చినా భయపడవద్దు. వెనుక వరుసలో కూర్చున్న తల్లిదండ్రులకు: మీ పిల్లలు కుంచె పట్టినప్పుడు ఒక్క క్షణం నన్ను తలచుకోండి.

వచ్చే ఆదివారం పూజానంతరం భోజనశాలలో కూర్చుంటాను. సూదీ దారం నేను తెస్తాను. మీ ఇంట్లోని పాత చీర ముక్క ఒకటి మీరు తీసుకురండి.