మత్తు రోగికి ఇంటివారి చేయూత



మన తెలంగాణమున మత్తుమందు పలుచోట్ల కల్లుకుండలో దాగి వచ్చుచున్నది. డైజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్లునకు అలవడినవారు పెక్కురు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణములు మూతపడగా, కల్లు, మద్యము దొరకక వణకుచు ఎందరో హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి చేరిరి.

కన్నబిడ్డ ఇట్లయినచో మనము మొదట దాచుదుము. పిదప గదిలోబెట్టి గొళ్ళెము వేయుదుము. రెండును తగవు. ఆల్ప్రజోలామ్‌ను హఠాత్తుగా మాన్పినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. వైద్యుడు మోతాదును క్రమముగా తగ్గించును.

మరి ఒప్పించుట యెట్లు? మత్తు దిగిన వేళ, అతడు గౌరవించువారొక్కరే కూర్చుండి మాటలాడవలెను. తప్పులెన్నక, నిదురలేమి, చేతివణకు వంటి అతని బాధనే అడుగవలెను. “రేపొక్కసారి డాక్టరును చూతము, నేను వెంట వత్తును” అనవలెను. కాదన్నచో నాలుగు దినములు తాళి మరల అడుగవలెను. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో మానసిక వైద్యులు కలరు. 14446కు ఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును.

సభ్యులకు మా విన్నపమొక్కటే. సంబంధములు చూచునపుడు “ఆ యింటివాడు మత్తు మాన్పు ఆసుపత్రికి పోయెనట” యని వెనుదీయుట మన కులమున మానవలెను. అది మానిననాడు తల్లులు దాచుట మానుదురు. బిడ్డలు వేళకు వైద్యుని చేరుదురు.