ఛాయాచిత్రములకు వెబ్‌సైటా, బ్లాగా?

కెమెరా ఒకనాడు పట్టణపు స్టూడియోలలో నల్లగుడ్డ క్రింద దాగియుండెడి వస్తువు. నేడది చేతిఫోనులో ఇమిడి ఇంటింటికి వచ్చినది. గండికోటకు పోయినవారును, అహోబిలమునకు పోయినవారును, బెలుం గుహలు చూచినవారును వందలకొలది చిత్రములతో ఇండ్లకు మరలుచున్నారు. తీయుట సులభమైనది. తీసినదానిని పదిమందికి చూపుట యెట్లు అనునదే ఇప్పటి ప్రశ్న. శ్రద్ధగా ఛాయాచిత్రములు తీయు మిత్రులు మమ్ము తరచుగా అడుగునది ఇది: "మా చిత్రములకు వెబ్‌సైటు పెట్టవలెనా, బ్లాగు పెట్టవలెనా?" ఈ ప్రసంగమున ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానము చెప్పదలచినాము.

ముందుగా మాటలకు అర్థము చెప్పుకొందము. వెబ్‌సైటనగా ఒక విలాసము, ఆ విలాసమున మనము నిలిపిన కొన్ని పుటలు. 1991లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ మొదటి వెబ్‌సైటును నిలిపినాడు. బ్లాగు కూడ వెబ్‌సైటులలో ఒక రకమే. 'వెబ్', 'లాగ్' అను రెండు మాటలు కలిసి ఆ పేరు పుట్టినది. లాగ్ అనగా ఓడ నడపువారు ఏనాటి సంగతి ఆనాడు వ్రాసియుంచు పుస్తకము. 1999 నాటికి ఆ జంటమాట కురుచయై బ్లాగు అయినది. మన తెలుగు బ్లాగరులు అందులోని ఒక్కొక్క రచనకు 'టపా' అని చక్కని పేరు పెట్టుకొనిరి.

కావున భేదము యంత్రములో లేదు, అమరికలో ఉన్నది. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి సాధనముతో రెంటిని నిర్మింపవచ్చును. వెబ్‌సైటులో చిత్రములు విషయమునుబట్టి అమరును. బ్లాగులో తేదీనిబట్టి అమరును. క్రొత్తది పైకి వచ్చును, పాతది క్రిందికి పోవును. చూడవచ్చినవాని కంట మొదట ఏది పడవలెనో నిర్ణయించుకొన్నచో ప్రశ్నలో సగము తీరినట్లే.

ఈ రెండు పద్ధతులును మన సీమకు క్రొత్తవి కావు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలుగా నియమితుడైన కాలిన్ మెకంజీ, కావలి సోదరులు మొదలైన సహాయకుల చేత ఊరూర వృత్తాంతములను వ్రాయించినాడు. వాటినే మనము కైఫియత్తులని అనుచున్నాము. ఒక్కొక్క ఊరి పేరు, దాని గుళ్లు, చెరువులు, ఏలినవారు, స్థలపురాణము, ఇవన్నియు అందు ఒకచోట చేరియుండును. కడప సీమ కైఫియత్తులు నేటికిని మన గ్రామచరిత్రలకు ఆధారములై యున్నవి.

రెండవ పద్ధతికి ఉదాహరణము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్ర. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉండిన ఆయన 1830 మే 18న కాశికి బయలుదేరి కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా సాగిపోయినారు. ఏనాడు ఏ ఊర దిగినది, అచ్చట నీరెట్లున్నది, బస యెట్లున్నది, దారి యెట్లున్నది అని వ్రాసియుంచినారు. ఆ గ్రంథము 1838లో అచ్చయినది.

ఒక ఊరిని గూర్చి తెలియగోరువాడు కైఫియత్తును తెరచును. వీరాస్వామయ్యగారి పుస్తకమందు ఆ ఊరు కావలెనన్న ఆయన వెంట నడువవలెను. కైఫియత్తు ఊరి పేరుతో తెరచుకొనును. యాత్రాచరిత్ర తేదీతో తెరచుకొనును. వెబ్‌సైటు కైఫియత్తు వంటిది. బ్లాగు యాత్రాచరిత్ర వంటిది. ఒకటి గొప్పది, రెండవది తక్కువది అనుటకు వీలులేదు. అవి వేరువేరు ప్రశ్నలకు సమాధానములు.

దీనిని మన కండ్లయెదుట ఉన్న విషయముతో పరీక్షింతము. కర్నూలును కడపను కలుపు కె.సి. కాలువ ఉన్నది గదా. తుంగభద్రపై సుంకేసుల వద్ద బయలుదేరి, నంద్యాల సీమను తడుపుచు కడప దాక పోవు ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషను కంపెనీవారు పంటల కొరకును, పడవల కొరకును త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. ఒక ఛాయాచిత్రకారుడు ఈ కాలువను చిత్రింపదలచినాడనుకొందము. సుంకేసుల నుండి కడప వరకు వంతెనలు, లాకులు, తూములు, వరిమళ్లు, రేవులు వరుసగా చూపదలచినచో అతనికి వెబ్‌సైటే తగును. చూచువాడు కాలువతోపాటు తలనుండి తోక వరకు ప్రయాణము చేయును. ఏ చిత్రము ముందు తీసినది, ఏది వెనుక తీసినది అను విచారము వానికి లేదు. అట్లుగాక, నీరు వదలిననాడు రైతుల ముఖము ఎట్లుండెను, నీరు తోకకు చేరుటకు ఎన్నినాళ్లు పట్టెను, నీరు రాని యేట ఆ నేల యెట్లు నెరలు విచ్చెను అని చెప్పదలచినచో బ్లాగు తగును. అచ్చట తేదీయే కథ.

మన సీమ వర్షాధారపు సీమ. జూన్‌లో ఎఱ్ఱగా, అక్టోబరులో పచ్చగా, మార్చిలో తెల్లబారి కనిపించు ఒకే చేను మూడు చేలవలె తోచును. కావున ఇచ్చటి చిత్రములకు కాలమును విడనాడుట తగదు. కాలమును మాత్రమే పట్టుకొన్నచో చోటు జారిపోవును. ఈ చిక్కునకు సంగమేశ్వరమే సాక్షి. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు సంగమేశ్వరుని గుడి నీటిలో మునుగును. వేసవిలో నీరు తగ్గినప్పుడు మరల బయటపడి పూజలందుకొనును. గోపురము కొన మాత్రము నీటిపై తేలుచున్న చిత్రము ఒక నెలది, మెట్లమీద భక్తులున్న చిత్రము మరియొక నెలది. తేదీ లేకున్న రెండును అర్థము కావు. ఇక కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి యందును ఒక సంగమేశ్వరాలయముండెను. అదే జలాశయపు ముంపు కారణముగా దానిని రాయి రాయి విప్పి అలంపురమునకు తరలించి నిలిపినారు. "సంగమేశ్వరాలయము" అని మాత్రమే వ్రాసియున్న పాత చిత్రమొకటి దొరికినచో అది మునిగితేలు గుడియా, తరలిపోయిన గుడియా? తరలిపోయినదే యైనచో తరలకముందు తీసినదా, తరువాత తీసినదా? తీసినవాడు బ్రతికియున్నన్నాళ్లు చెప్పగలడు. ఆ తరువాత ఆ చిత్రము మూగది.

ఊళ్లు తరలకున్నను పేర్లు తరలుచుండును. ఇంగ్లీషున 'కడ్డపా' అని వ్రాయబడుచుండిన పేరును 2005లో 'కడప' అని సవరించిరి. అహోబిలము, యాగంటి, మహానంది, బెలుం గుహలు 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలోనివి. అప్పటినుండి నంద్యాల జిల్లాలోనివి. కావున చిత్రము క్రింద ఊరు, మండలము, జిల్లా, తీసిన తేదీ వ్రాయవలెను. తెలుగున ఒకమారు, ఇంగ్లీషున ఒకమారు వ్రాయవలెను. వెదకువాడు ఏ పేరుతో వెదకునో మనకు తెలియదు. ఈ నాలుగు ముక్కలు లేని వెబ్‌సైటుకంటె ఇవి ఉన్న బ్లాగు మేలు. ఇవి లేని బ్లాగుకంటె ఇవి వెనుక వ్రాసియున్న కాగితపు ఫోటో మేలు.

ఇక ఎవరికి ఏది తగునో చెప్పెదము. ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో స్టూడియో నడుపుచు పెండ్లిండ్లకు ఫోటోలు తీయువారికి వెబ్‌సైటే కావలెను. వారి యొద్దకు వచ్చువాడు తొందరలో ఉండును. పనితనము చూడవలెను, వెల తెలియవలెను, ఫోన్ నంబరు దొరకవలెను. పోయిన మంగళవారము ఏమి జరిగినదో వానికి అక్కరలేదు. ఇరువదియైదు మేలైన చిత్రములు చాలును. పెండ్లివారి అనుమతి లేనిదే వారి చిత్రములు అందు పెట్టరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

సెలవునాడు కెమెరా తగిలించుకొని పోయి ఇంకను నేర్చుకొనుచున్నవారికి బ్లాగు మంచి గురువు. వారమునకొక టపా అని నియమము పెట్టుకొన్నచో వారమున కొకమారైన బయటికి పోవలెను, తీసినవానిలో ఒకటి ఏరుకొనవలెను, దానిని గూర్చి నాలుగు వాక్యములు వ్రాయవలెను. ఏడాది గడచిన పిమ్మట మొదటి టపాకును చివరి టపాకును గల భేదమే వారికి లభించు ప్రశంసాపత్రము. ఇందొక కష్టము కలదు. బ్లాగు తన వయస్సును దాచలేదు. మూడేండ్లనాటి టపా వాకిట నిలిచియున్నచో చూడవచ్చినవాడు ఇల్లు పాడుపడినదని మరలిపోవును. వెబ్‌సైటు కొంతకాలము ముట్టకున్నను చెడదు. క్రమము తప్పక వ్రాయు ఓపిక లేనివారు బ్లాగు జోలికి పోకుండుట మంచిది. నిర్దయగా ఏరివేయు మనస్సు లేనివారు వెబ్‌సైటు జోలికి పోకుండుట మంచిది.

మూడవ తెగవారు ఈ సీమను రాబోవు తరముల కొరకు చిత్రించి యుంచవలెనని పూనినవారు. వారికి మా సలహా ఇది: ఊళ్లనుబట్టి అమర్చిన వెబ్‌సైటు నిర్మింపుడు, అందు ఒక గదిగా బ్లాగు నుంచుడు. టపాలో నేటి యాత్ర వ్రాయుడు. ఏడాదికొకమారు వానిలోని మేలైన చిత్రములను ఏరి ఆయా ఊళ్ల పుటలకు చేర్చుడు. అప్పుడు వీరాస్వామయ్యగారి పుస్తకమును, మెకంజీ కైఫియత్తును ఒకేయింట ఉన్నట్లగును.

"ఇల్లు కట్టి చూడు" అని పెద్దలన్నారు. ఆ యిల్లు ఎవరి నేలమీద కట్టుచున్నామో చూచుకొనుట ముఖ్యము. ఉచితముగా చోటిచ్చిన సంస్థలు ఎల్లకాలము ఇయ్యవు. అసంఖ్యాకమైన సొంత పుటలను మోసిన జియోసిటీస్ 2009లో మూతపడెను. పికాసా చిత్రశాలలు 2016లోను, గూగుల్ ప్లస్ 2019లోను మూతపడినవి. ఫ్లికర్ సంస్థ 2019 నుండి ఉచిత ఖాతాలకు వెయ్యి చిత్రముల హద్దు పెట్టెను. కావున ఏటేట కొంత రుసుము చెల్లించియైనను సొంత డొమైన్ పేరు తీసికొనుడు. బ్లాగర్ వంటి ఉచితమైన చోటనున్న బ్లాగునకు కూడ అట్టి పేరును తగిలింపవచ్చును. రేపు ఇల్లు మారినను విలాసము మారదు. అసలు చిత్రములను రెండు హార్డుడిస్కులలో నుంచి, ఒకదానిని బంధువుల యింట దాచుడు. వెబ్‌సైటు గాని బ్లాగు గాని ప్రదర్శనశాలయే, ధాన్యపుగాదె కాదు. అచ్చట పొడవు వైపు రెండువేల పిక్సెళ్లకు మించని చిన్న ప్రతి పెట్టిన చాలును. పల్లెలో ఫోనుమీద చూచువారికి అది త్వరగా తెరచుకొనును.

చివరగా ఒక హెచ్చరిక. పేరు, ఊరు తప్పక వ్రాయుడంటిమి. ఈ నియమమునకు ఒక్కచోట మినహాయింపు కలదు. 1900 తరువాత కనుమరుగై నశించినదే అనుకొన్న కలివికోడి 1986లో కడప జిల్లా పొదలలో మరల కనబడెను. బట్టమేక పక్షి కొరకు 1988లో కర్నూలు సీమలోని రోళ్లపాడున అభయారణ్యము ఏర్పడెను. ఇట్టి అరుదైన ప్రాణుల చిత్రము దొరికినచో గూడున్న చోటును లోకమునకు చాటరాదు. మనము వ్రాయకున్నను ఫోనుతో తీసిన చిత్రములో అక్షాంశ రేఖాంశములు దాగియుండవచ్చును. వానిని తొలగించి, జిల్లా పేరు మాత్రము వ్రాసి, అసలు వివరము అటవీశాఖవారికి తెలుపుడు. చూపుట ఎంత కళయో, కొన్నింటిని చూపకుండుటయు అంత కళయే.

శ్రోతలారా, వెబ్‌సైటా బ్లాగా అను నిర్ణయము రేపు చేయవచ్చును. ఈ రాత్రి మీ ఫోనులోనో పెట్టెలోనో ఉన్న చిత్రములలో ఇరువదింటిని ఏరి, ఒక్కొక్కదానికి ఊరు, తేదీ వ్రాసి చూడుడు. ఊళ్లు ముందుగా జ్ఞప్తికి వచ్చినచో మీకు వెబ్‌సైటు తగును. దినములు ముందుగా జ్ఞప్తికి వచ్చినచో బ్లాగు తగును. రెండును రాని చిత్రములుండిన, ఇంటిలోని పెద్దలను ఇప్పుడే అడుగుడు. వారికి జ్ఞాపకమున్నంతవరకే ఆ చిత్రములకు మాట యుండును.